తాకితేనే అవుట్

ప్రశ్న: ఆదివారం రాత్రి ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) మ్యాచ్‌లు చూస్తుంటాం. ఒకసారి విసిరిన బంతిని పట్టినవాడి ఒళ్లంతా గీత బయటికి వంగినా క్యాచ్ చెల్లిందన్నారు. ఇంకోసారి మడమ కాస్త గీతకు తగిలిందని కొట్టేశారు. లెక్క ఏమిటండీ?
– డిగ్రీ విద్యార్థి, బరంపురం

జవాబు: మనకు అలవాటైన ఫుట్‌బాల్‌లో బంతి పూర్తిగా గీత దాటితేనే బయటికి పోయినట్టు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆ గీతే బయట. ఎన్‌ఎఫ్‌ఎల్ మైదానం చుట్టూ 6 అడుగుల తెల్ల పట్టీ ఉంటుంది. దాని లోపలి అంచుకు బూటు తగిలినా అవుటే. అయితే తగలాలి. లోపలినుంచి ఎగిరినవాడు గాల్లో ఎంత బయటికి పోయినా, ఏదీ తాకనంతవరకు లోపలివాడే. బయటినుంచి ఎగిరినవాడు మాత్రం గాల్లో ఉన్నా బయటివాడే.

క్యాచ్‌కు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బంతి అదుపులో ఉండగా రెండు పాదాలూ లోపల ఆనాలి. మోకాలో మోచెయ్యో ఆనినా సరే, అరచెయ్యి చాలదు. కాలేజీ ఆటలో ఒక్క పాదం చాలు.

మీరు చూసిన మడమ సంగతి ఇంకాస్త సూక్ష్మం. వేళ్లు లోపల ఆని, అదే అడుగులో మడమ గీత మీదికి దిగితే ఆ పాదం మొత్తం బయట ఉన్నట్టే. వేళ్లను మాత్రమే నేల మీద ఈడ్చుకుంటూ మడమ దించకుండా పడిపోతే క్యాచ్ చెల్లుతుంది. రీప్లేలో బంతిని వదిలేసి మడమనే చూడండి, సగం వాదనలు అక్కడే తేలిపోతాయి.

మరొకటి. బంతితో పరుగెత్తేవాడు గీత బయట నిలబడ్డ ఆటగాడికి రాసుకున్నా అవుట్ కాడు. అదే విడిగా దొర్లుతున్న బంతి ఆ బయటి ఆటగాడికి తగిలితే బంతి అవుట్.

ప్రశ్న: పరుగెత్తేవాడి చేతిలోంచి బంతి జారి, ప్రత్యర్థి ఎండ్ జోన్ (మైదానం చివర స్కోరు చేసే భాగం) పక్కనుంచి బయటికి పోయింది. బంతి ప్రత్యర్థికి ఇచ్చేశారు. ఇదేం న్యాయం?
– పర్లాకిమిడి పాఠకుడు

జవాబు: నియమం అదే. మైదానం మధ్యలో జారిన బంతి ముందుకు పోయి అవుటైతే జారిన చోటికే తిరిగొస్తుంది, వెనక్కి పోయి అవుటైతే అవుటైన చోటే ఆట మొదలవుతుంది. రెండింటిలోనూ బంతి జారవిడిచిన జట్టుదే. ప్రత్యర్థి ఎండ్ జోన్‌లోంచి బయటికి పోతే మాత్రం టచ్‌బ్యాక్. ప్రత్యర్థి తన 20 యార్డుల గీత దగ్గర ఆట మొదలుపెడుతుంది. శిక్ష మరీ పెద్దదనే మా అభిప్రాయం. కానీ గోల్ లైన్ (ఎండ్ జోన్ మొదలయ్యే గీత) దగ్గర బంతిని ఒంటిచేత్తో ముందుకు చాచేవాడు ఈ ముప్పు తెలిసే చాస్తాడు. ఎందుకంటే గోల్ లైన్‌కు ‘తాకాలి’ అన్న షరతు లేదు. చేతిలోని బంతి కొస గాల్లో ఆ గీత మీదికి వచ్చినా, మూలనున్న పైలాన్ అనే నారింజ రంగు చిన్న స్తంభానికి తగిలినా టచ్‌డౌనే, అంటే స్కోరే.

ప్రశ్న: 2028 ఒలింపిక్స్‌లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ (పడగొట్టకుండా, నడుముకు కట్టిన గుడ్డ పట్టీ లాగి ఆపే ఆట) ఉందని పిల్లలు ఆడతామంటున్నారు. మైదానం గీతలు ఎలా వెయ్యాలి?
– వ్యాయామ ఉపాధ్యాయుడు, గుణుపురం

జవాబు: జట్టుకు ఐదుగురు. మైదానం పొడవు 50 యార్డులు, దానికి అదనంగా రెండు చివర్లా 10 యార్డుల చొప్పున ఎండ్ జోన్లు, వెడల్పు 25 యార్డులు, అంటే 75 అడుగులు. ఆ 75 అడుగులు లోపలి అంచునుంచి లోపలి అంచుకు కొలవండి. నాలుగు మూలలా మేకులు కొట్టి తాడు బిగించి, పక్క గీతలకు సున్నం తాడుకు బయటివైపే పొయ్యండి. తాడుకు రెండు వైపులా పోస్తే మైదానం ఇరుకవుతుంది, అంచు ఎక్కడన్నది ప్రతి క్యాచ్‌కీ గొడవే. గోల్ లైన్ సున్నం మాత్రం ఎండ్ జోన్ వైపు పడాలి. వాన పడ్డాక మళ్లీ తాడు కట్టే వెయ్యండి, చెరిగిన గీత మీద కంటి అంచనాతో పొయ్యొద్దు.