మీ కథలోకి జమీందారు ఎట్లా వచ్చాడు?

కడప

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. మొదటి పేజీ సగంలోనే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాను. పులివెందుల పక్క పల్లె అన్నావు, 1830 అన్నావు, వెంటనే ఏనుగు మీద జమీందారును దింపావు. ఆయన గోదావరి నుంచి వచ్చాడా, సినిమాలోంచి వచ్చాడా?

1802లో కుంపిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, జమీందార్లతో శాశ్వత శిస్తు ఒప్పందాలు చేసుకున్నది అటు కోస్తాలో. మన జిల్లాలు 1800లో నిజాం ఇచ్చేసినవి. ఇక్కడ కలెక్టరుగా వచ్చిన మన్రో దొర పాళెగాళ్ళను, అంటే ఊళ్ళను ఏలుకునే స్థానిక నాయకులను, అణిచి రైతువారీ పెట్టాడు. ఆయన వెళ్ళిపోయాక గ్రామాలను గుత్తకిచ్చి చూశారు, ఆయన 1820లో గవర్నరయ్యాక మళ్ళీ రైతువారీకే వచ్చారు. పట్టాదారు నేరుగా సర్కారుకు శిస్తు కట్టాలి. నేరుగా అన్నది కాగితం మీది మాట. దొర ముఖం చూడకుండానే పోయినవాళ్ళు ఊరి నిండా ఉన్నారు. వాళ్ళకు సర్కారంటే కరణం కలం, రెడ్డి అరుగు. లెక్క రాసేది కరణం, వసూలు చేసేది రెడ్డి, పిలుచుకొచ్చేది తలారి, దఫ్తరం పెట్టె మోసేది వెట్టివాడు. మడక దున్నే జీతగాడికి పట్టా లేదు, లెక్కలో పేరూ లేదు. ఈ మెట్లు దొరలు కట్టినవి కావు, ఉన్నవాటికే ముద్ర కొట్టారు. నువ్వేమో దొర ఒక పక్క, "ప్రజలు" ఒక పక్క అని రాశావు. జమాబందీ రోజు, అంటే ఏటా శిస్తు లెక్క తేల్చే రోజు, ఆ ప్రజల్లో చాప మీద ఎవరు కూర్చున్నారు, గోడ అవతల ఎవరు నిలబడ్డారు? నాకు కావలసింది అది.

నేనూ ఈ తప్పు చేశాను. నా రెండో కథను ఒక సంపాదకుడు తిప్పి పంపాడు. "కరణం చిన్న ఉద్యోగి, పాఠకుడికి కోపం రాదు, జమీందారును చేయండి" అని ఎర్రసిరాతో రాశాడు. చేశాను. అచ్చయింది, పదిహేను రూపాయల మనియార్డరూ వచ్చింది. తెల్లదొరల కాలం నుంచి పెట్టె మోసిన మా ఊరి ముసలాయనకు సంబరంగా చదివి వినిపించాను. అంతా విని, "ఈయన మన ఊరికి ఎప్పుడు వచ్చాడు సామీ?" అన్నాడు. తలపాగా విప్పి తల వంచాడు. చుట్టకుదురు ఆనేచోట వెంట్రుక మొలవని గుండ్రటి మచ్చ. ఆ కరణీకాలు 1984లో రద్దయ్యాయి, ఆయన అంతకు ముందే పోయాడు. ఆ మచ్చ మీద నేను ఇంతవరకు కథ రాయలేకపోయాను.

ఆ సంపాదకుడికి జమీందారు కావాలి, ఇప్పటివాళ్ళకు బాంబు కావాలి. సీమ కథలో బాంబు పేలకపోతే అచ్చు వేయరు. వాళ్ళ కోసం రాయకు.

నాలుగో పేజీలో తలారి రెడ్డి అరుగు ముందు చెప్పులు విడిచి చంకలో పెట్టుకున్నాడు. అది బాగుంది. వాడిని అక్కడే వదిలేసి ఏనుగు దగ్గరికి పోయావు, నా కోపమంతా అందుకే.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు తిరగరాయి. మీ ఇంట్లో పాత శిస్తు రసీదులు ఉన్నాయన్నావుగా, వచ్చేటప్పుడు అవి పట్టుకురా. కరణం చేతిరాత చదవడం నాకు వచ్చు.