కత్తెర పెట్టే ముందు దారం కాల్చి చూడు

చి॥ సౌ॥ సుజాతకు, పెద్దమ్మ ఆశీస్సులు.

బొంతలూ సంచులూ కుట్టడానికి కాలనీలో ఇచ్చిన పాతబట్టలు మూడు గోతాలయ్యాయనీ, రంగుల వారీగా విడదీస్తున్నామనీ చెప్పావు. రంగుకేం తొందర? ముందు ఏది నూలో, ఏది కాదో తేల్చండి. నేనోసారి చేత్తో తడిమి నూలేననుకుని డజను మసిగుడ్డలు కుట్టించాను. ఒకావిడ వేడి బాండీ దించబోతే గుడ్డ కరిగి దానికి అతుక్కుంది, ఆవిడ బొటనవేలు బొబ్బెక్కింది. తీరా చూస్తే పాలిస్టర్!

చీర మూల నుంచి నాలుగు దారాలు లాగి మెలిపెట్టు. పళ్లెంలో నీళ్లు పోసి, దాని మీదుగా పటకారుతో పట్టుకుని కొవ్వొత్తి మంటకు పక్కనుంచి మెల్లగా చూపించు. చున్నీ మాత్రం తీసేసి కూర్చో.

నూలైతే చటుక్కున అంటుకుంటుంది, కాగితం కాలిన వాసన వస్తుంది. మంట ఆరినా కొస కాసేపు ఎర్రగా రాజుతుంది. బూడిద మెత్తగా ఉంటుంది. పట్టుకీ ఉన్నికీ వెంట్రుకలు కాలిన కంపు; మంట తీస్తే వాటంతటవే ఆరిపోతాయి, మిగిలిన నల్లటి ఉండ నలిపితే పొడైపోతుంది. పాలిస్టర్, నైలాన్ మంట దగ్గరకు రాగానే ముడుచుకుని కరుగుతాయి, చల్లారాక గట్టి పూస మిగులుతుంది. వేడి మీద దాన్ని ముట్టుకోకు, చర్మానికి అంటుకుంటే వదలదు. కాగితం వాసనా వచ్చి, పూసా మిగిలితే టెరీకాటన్ లాంటి, నూలూ పాలిస్టరూ కలిసిన బట్ట అన్నమాట.

రేయాన్ దగ్గరే మోసపోతాం, అచ్చం నూలులాగే కాలుతుంది. దారం తడిపి లాగు. తడిస్తే రేయాన్ బలం తగ్గి పుటుక్కున తెగుతుంది, నూలు ఇంకా గట్టిపడుతుంది. రేయాన్‌ని ఆర్ట్ సిల్క్ అని కూడా అమ్ముతారు. అందులో ఆర్ట్ అంటే కళ అనుకునేదాన్ని చాన్నాళ్లు. ఆర్టిఫిషియల్ అట!

ఒక్కచోట దారం చూసి తేల్చేయకు. గద్వాల చీర ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. కొన్నింటిలో పడుగు, అంటే నిలువు దారం, ఒకటి; పేక, అంటే అడ్డ దారం, ఇంకొకటి. రెండు వైపుల నుంచీ లాగి విడివిడిగా కాల్చు.

బొంతలకూ మసిగుడ్డలకూ నూలే వాడండి. పాలిస్టర్ చీరలతో సంచులు కుట్టండి, బరువుకి ఆగుతాయి. ఇస్త్రీ మాత్రం తక్కువ వేడి మీద చేయండి.

స్వెటర్లు ఏమైనా వస్తే పక్కన పెట్టు. ఉన్ని అని ఇస్తారు గానీ చాలావరకు అక్రిలిక్కే. అది చిటపటలాడుతూ మండి బొట్లు రాలుస్తుంది. నేను వచ్చాక చూద్దాం, నువ్వు ఒక్కదానివే కాల్చకు.

మీ పెద్దమ్మ