సగం సర్దిన ఇల్లు, మూడు రోజుల కొండ ప్రయాణం

ప్రశ్న: ఈ నెల 28న ఇల్లు మారుతున్నాం. పదకొండేళ్లు ఉన్న ఇల్లు. ఇంట్లో నేను, మావారు, ఎనిమిదేళ్ల పాప, మా అత్తయ్య. నెల మొదటి నుంచీ ఆఫీసు నుంచి వచ్చి రాత్రి పన్నెండు దాకా సర్దుతూనే ఉన్నాను. ఈలోగా మావారు నాకు చెప్పకుండా 20 నుంచి 22 దాకా కొండ మీద గది బుక్ చేశారు. 'నీకు రెస్టు కావాలి' అంటారు. 'ఇంటినిండా అట్టపెట్టెలు పెట్టుకుని ఇప్పుడు విహారాలేంటి' అని అత్తయ్య గొణుగుతున్నారు. మొన్న బీరువా జరిపితే, మూడేళ్ల కిందట పోయిన పజిల్ ముక్క దొరికింది. అంతే, తండ్రీకూతుళ్లు పని వదిలేసి, ఐదొందల ముక్కల ఆ ఓడ బొమ్మను నేల మీద మళ్లీ మొదటి నుంచి పేర్చడం మొదలుపెట్టారు. నేను గట్టిగా అరిచాను. పాప ఏడ్చింది. కాసేపటికి నాకూ ఏడుపొచ్చింది. ట్రిప్ మానుకోవాలా, వెళ్లాలా? ఏదీ తేల్చుకోలేకపోతున్నాను.

జవాబు: వెళ్లండి. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. కాకపోతే ఇప్పుడున్నట్టే బయల్దేరితే మాత్రం, కొండ మీద కూర్చుని కూడా మీరు అట్టపెట్టెలే లెక్కపెడతారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. 'ఇల్లు మారుతున్నాం' అని రాశారు గానీ, సర్దడం దగ్గరికి వచ్చేసరికి అది 'సర్దుతూనే ఉన్నాను' అయింది. మారేది నలుగురు, సర్దేది ఒక్కరు. అసలు గొడవ ఇక్కడుంది. మీవారి మనసు మంచిదే, మీరు అలసిపోయారని ఆయన గమనించారు. కానీ మిమ్మల్ని అడగకుండా బుక్ చేయడంతో ఆ రెస్టు మీ నెత్తిన ఇంకో పని అయి కూర్చుంది. కొండకు తీసుకెళ్లాల్సిన బ్యాగు ఎవరు సర్దుతారు? చలిబట్టలు ఏ పెట్టెలో వేశారో ఎవరికి గుర్తుంది? మీకే కదా.

థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు అమెరికా మనోవైద్యులు 1967లో ఒక పట్టిక తయారుచేశారు. జీవితంలో ఏ మార్పుకు సర్దుకోవడం ఎంత కష్టమో పాయింట్లు వేశారు. అందులో ఇల్లు మారడానికి 20. విహారయాత్రకూ 13 వేశారు, అది సంతోషమే అయినా సర్దుకోవడం సర్దుకోవడమే కాబట్టి. అత్తింటివాళ్లతో చిక్కులకు 29, భార్యాభర్తల మధ్య వాదనలు బాగా పెరిగినా, తగ్గినా 35. ఆ అంకెలు పాతవి, మీ ఇంటికి కూడికలు తీసివేతలు చేయమని చెప్పడం లేదు. ఒక్కటి గమనించండి. ఇల్లు మారడం కంటే, మారేటప్పుడు ఒకరినొకరు అనుకునే మాటలే బరువు. ట్రిప్ క్యాన్సిల్ చేసి ఆ మూడు రోజులూ ముగ్గురు పెద్దవాళ్లు మూతులు ముడుచుకుని పెట్టెలకు టేపు వేస్తే మీకు మిగిలేదేముంది?

కాబట్టి ప్రయాణానికి ముందు ఒక సాయంత్రం మీరూ మీవారూ కూర్చుని, మీ తలలో ఉన్న జాబితా మొత్తం కాగితం మీద పెట్టండి. సామాను బండి, కరెంటు, ఇంటర్నెట్, పాప స్కూలు కాగితాలు, బ్యాంకులో చిరునామా, అన్నీ. ప్రతి పని పక్కన ఒక పేరు, ఒక తేదీ ఉండాలి. 'చూద్దాంలే' అనేది పేరు కాదు. మాసికాంపో, బామైస్టర్ అనే మనస్తత్వ పరిశోధకులు 2011లో చూపించింది ఇదే. పని పూర్తికాకపోయినా, ఎప్పుడు ఎలా చేస్తామో కచ్చితంగా అనుకుంటే చాలు, అది మాటిమాటికీ మనసులోకి వచ్చి పీకడం తగ్గుతుంది. మీవారి పేరు రాసిన పని పూర్తిగా ఆయనదే. ఆయన వచ్చి 'అది ఎక్కడుంది' అని మిమ్మల్ని అడగకూడదు, మీరు వెళ్లి 'అలా కాదు' అనకూడదు. రెండోది మీకు ఎక్కువ కష్టం అని నా అనుమానం. ఆయన సర్దిన పెట్టెలో గాజు సామాను ఒకటో రెండో పగిలితే పగలనివ్వండి. నేను పుస్తకాలన్నీ ఒకే పెద్ద పెట్టెలో కుక్కి, ఎత్తలేక, అర్ధరాత్రి మళ్లీ విప్పినదాన్నే.

ఇక అత్తయ్యగారు. ఆవిడ మాట మీకు దెప్పిపొడుపులా వినిపించింది. నాకు మాత్రం అందులో ఇంకేదో ఉందనిపించింది. పదకొండేళ్ల ఇల్లు వదలడం ఆవిడకెలా ఉందో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఎవరైనా అడిగారా? పెద్దవయసులో ఇల్లంటే గోడలు కాదు, చీకట్లో లైటు వేయకుండా స్విచ్చు మీదికి చెయ్యి పోవడం. కొత్త ఇంట్లో అది మొదటి నుంచి నేర్చుకోవాలి. ట్రిప్‌కి రమ్మని అడగండి, బలవంతం మాత్రం పెట్టకండి. ఈ రెండు రాత్రులూ పాత ఇంట్లోనే ఉండాలని ఆవిడకు ఉండొచ్చు. అదే అయితే తోడుగా దగ్గరివాళ్లెవరినైనా పిలవండి. నడిచే దారిలో పెట్టెలు లేకుండా చూడండి. ఆవిడ గది మాత్రం అప్పుడే విప్పకండి. వస్తానంటే, ఆ చోటు ఎత్తు ఎంతో ముందు కనుక్కోండి. సుమారు 2,500 మీటర్లు దాటితే తలనొప్పి, వికారం ఎవరికైనా రావచ్చు. గుండె జబ్బో ఊపిరి ఇబ్బందో ఉంటే డాక్టర్ని అడిగాకే బయల్దేరండి.

చలిబట్టల మాట ఎలాగూ వచ్చింది. వెయ్యి మీటర్లు ఎక్కితే వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కింద ఉక్కగా ఉందని స్వెట్టర్లన్నీ టేపు వేసిన పెట్టెల్లో వదిలేసి వెళ్తే, కొండ మీద దుప్పట్లు కప్పుకుని గదిలో కూర్చోవాలి. పాపకు మలుపుల్లో కడుపులో తిప్పితే ఫోన్ పక్కన పెట్టించి, దూరంగా కనిపించేదేదో చూడమనండి. చెవులు మూసుకుపోతే గుటకలు వేయమనండి. అంతకుమించి ప్లాన్ వద్దు. నాలుగు వ్యూ పాయింట్లు చూసి తీరాలని ఎవరైనా జాబితా తీస్తే లాక్కోండి. పొద్దున్నే మంచు కరిగేదాకా కిటికీ దగ్గర కూర్చున్నా చాలు.

డచ్చివాళ్ల మీద 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో 1,530 మందిని పరిశీలించారు. విహారానికి వెళ్లేవాళ్లు బయల్దేరకముందే మిగతావాళ్ల కంటే సంతోషంగా ఉన్నారు. తిరిగొచ్చాక మాత్రం ఇంట్లో ఉన్నవాళ్లకూ వీళ్లకూ పెద్ద తేడా కనిపించలేదు. చాలా హాయిగా గడిచిందన్నవాళ్లకే ఆ సంతోషం కొన్నాళ్లు నిలిచింది. అంటే కొండ మీకు మందు కాదు. 23న తలుపు తీస్తే అవే పెట్టెలు ఎదురొస్తాయి. ఆ ఒక్క రోజుకు జాబితాలో ఏ పనీ రాయకండి, బట్టలు ఉతుక్కోవడం తప్ప. వెళ్లబోయే సంతోషం ఎలాగూ ముందే మొదలవుతుంది కాబట్టి, పాపను ఇవాళే అందులోకి లాగండి. తన బ్యాగు తననే సర్దుకోనివ్వండి. అలాగే ఇల్లు మారడానికి ఒక పెట్టె తనకే ఇవ్వండి, పైన పేరు తనే రాసుకుంటుంది. ఆ పెట్టె సామాను బండిలో కాదు, మీతోనే రావాలి. రాత్రి పక్కలో పెట్టుకునే బొమ్మ ఏదైనా ఉంటే అది అసలు ఏ పెట్టెలోకీ వెళ్లకూడదు.

చివరగా ఆ పజిల్. మీరు అరిచినందుకు మిమ్మల్ని తప్పుపట్టను. రాత్రి పదకొండుకు, చేతిలో టేపుతో, నడిచే దారికి అడ్డంగా ఐదొందల ముక్కలు కనిపిస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. పాపకు మాత్రం ఒకసారి సారీ చెప్పండి. 'అలసిపోయి అరిచాను, నీ మీద కోపంతో కాదు' అంటే ఎనిమిదేళ్ల పిల్లకు అర్థమవుతుంది. మూడేళ్లుగా తెరచాపలో చిల్లు ఉన్న ఓడ మళ్లీ నిండుతోందంటే ఆ తండ్రీకూతుళ్లు పని వదిలేయడం నాకు వింతగా అనిపించలేదు. మీరూ ఒక పావుగంట కూర్చుని ఉంటే ఆ రాత్రి ఇంకోలా గడిచేదేమో.

ఇప్పటిదాకా పేర్చింది చెదరగొట్టకండి. దాని కిందికి పెద్ద అట్టముక్క ఒకటి మెల్లగా జరపండి, పైన ఇంకో అట్ట పెట్టి నాలుగు వైపులా టేపు వేయండి. మిగిలిన ముక్కలు కవర్లో వేసి ఆ అట్టకే అంటించండి. బరువు పైన పెట్టొద్దని పాపతో పెద్దక్షరాల్లో రాయించండి. 28న అది మీవారి ఒళ్లో పెట్టండి, జాబితాలో ఆ పని పక్కన ఆయన పేరే రాసి.