క్యాంప్‌గ్రౌండ్‌లో వైఫై అందడం లేదు, ఎన్ని డీబీఐ యాంటెన్నా కొనాలి?

ప్రశ్న: నమస్తే అండీ. మేము డాలస్ దగ్గర ఉంటాం. పోయిన చలికాలంలో 28 అడుగుల క్లాస్ సి మోటార్‌హోమ్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. గుంటూరు నుంచి అమ్మానాన్నలు వచ్చారు. ఈ వేసవిలో వాళ్లను, పిల్లలిద్దరినీ తీసుకుని న్యూ మెక్సికో, కొలరాడో మీదుగా యెల్లోస్టోన్ దాకా ఆరు వారాలు తిరగాలని ప్లాన్. అంత సెలవు లేదు కాబట్టి నేనూ మా ఆవిడా వారంలో నాలుగు రోజులు బండిలోంచే పనిచేయాలి, రోజుకు కనీసం రెండు వీడియో కాల్స్ ఉంటాయి. మార్చిలో ట్రయల్‌గా రెండు క్యాంప్‌గ్రౌండ్లకు వెళ్లి చూశాం. ఆఫీసు దగ్గర వైఫై బాగానే ఉంది, మా సైటు దగ్గరికి వచ్చేసరికి ఒకే ఒక్క గీత, అదీ వస్తూ పోతూ. ఆన్‌లైన్‌లో చూస్తే లాంగ్ రేంజ్ యాంటెన్నాలు 9 డీబీఐ, 12, 15 అని బోలెడు ఉన్నాయి. 15ది కొనేస్తే సరిపోతుందా? కప్పు మీద పెట్టి, లోపల రూటర్ దాకా 10 మీటర్ల కేబుల్ లాగుదామనుకుంటున్నాను.
డాలస్ పాఠకుడు

జవాబు: ఆగండి, ఇంకా ఆర్డర్ పెట్టకండి. సరిగ్గా మీరు చెప్పినట్టే నేను నా మొదటి బండికి చేశాను. కప్పు మీద పొడవాటి 12 డీబీఐ కర్ర (డీబీఐ అంటే యాంటెన్నా సిగ్నల్‌ని ఒక వైపుకి ఎంతగా పోగు చేస్తుందో చెప్పే అంకె), దానితోపాటే వచ్చిన సన్నటి 10 మీటర్ల కేబుల్, లోపల రూటర్. రెండు రోజులు కప్పు ఎక్కుతూ దిగుతూ అంతా బిగించి చూస్తే, రూటర్ వెనక ఉండే వేలెడంత యాంటెన్నాతో ఎంత సిగ్నల్ వచ్చేదో అంతే వచ్చింది. ఎందుకలా అయిందో లెక్క వేసుకున్నాక గానీ తెలియలేదు. ఆ లెక్క మీకు కొనకముందే చెప్తాను.

ఇలాంటి యాంటెన్నాలతో ఇచ్చే సన్నటి ఆర్‌జీ-58 రకం కేబుల్, వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు సుమారు 1 డీబీ మింగేస్తుంది. 10 మీటర్లంటే 10 డీబీ. డీబీ లెక్కలో 3 తగ్గితే సగం పోయినట్టు, 10 తగ్గితే పదోవంతు మిగిలినట్టు. అంటే పైన యాంటెన్నా రూపాయి సిగ్నల్ పట్టుకుంటే కింద రూటర్‌కి చేరేది పది పైసలే. 12లోంచి 10 తీసేస్తే మిగిలేది 2, రూటర్‌తో పాటు ఊరికే వచ్చే చిన్న యాంటెన్నాకి కూడా 2, 3 డీబీఐ ఉంటుంది. లావుపాటి ఎల్ఎంఆర్-400 కేబుల్ వాడితే అదే 10 మీటర్లకు రెండు డీబీ చిల్లరే పోతుంది గానీ, అది సెంటీమీటరు లావుంటుంది, సులభంగా వంగదు, బండి గోడల్లోంచి తిప్పడం నరకం.

అందుకే నా మాట ఏమిటంటే, యాంటెన్నా నుంచి కింద రూటర్ దాకా కేబుల్ లాగడం కాదు, వైఫై పట్టి పంపే రేడియోనే యాంటెన్నా దగ్గరికి పైకి పంపండి. రేడియో, యాంటెన్నా రెండూ ఒకే డబ్బాలో ఉండి, ఎండకీ వానకీ తట్టుకునే అవుట్‌డోర్ యూనిట్లు దొరుకుతాయి. యుబిక్విటి, మైక్రోటిక్ లాంటివాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నారు, మీ మోటార్‌హోమ్ లాంటి ఆర్వీల కోసమే గుండ్రటి డోమ్‌లో పెట్టి వైన్‌గార్డ్ లాంటి కంపెనీలూ అమ్ముతూ వచ్చాయి. కిందికి వచ్చేది మామూలు ఈథర్నెట్ తీగ, అది 100 మీటర్ల దాకా సమాచారం పోగొట్టదు, కరెంటు కూడా అదే తీగలో పైకి వెళ్తుంది. ఒక్క జాగ్రత్త తీసుకోండి: ఈథర్నెట్ తీగలో వెళ్లే ఈ కరెంటుని పీఓఈ అంటారు, అది అన్నిటికీ ఒకటి కాదు, కొన్నిటికి 24 వోల్టులు, కొన్నిటికి 48. మీ బండి బ్యాటరీ 12 వోల్టులు కదా, డబ్బా మీద ఏముందో చూసి దానికి తగిన కన్వర్టర్ కొనండి, తప్పు వోల్టేజ్ ఇస్తే యూనిట్ కాలిపోవచ్చు.

ఇప్పుడు డీబీఐ సంగతి. యాంటెన్నా కొత్తగా శక్తినేమీ పుట్టించదు, ఉన్నదాన్నే ఒక వైపుకి పోగు చేస్తుంది, అంతే. అన్ని వైపులా పనిచేసే నిలువు కర్రని ఓమ్నీ అంటారు, దాని సిగ్నల్ గారె ఆకారంలో ఉంటుంది, కర్ర ఆ గారె చిల్లులో నిలబడినట్టు. డీబీఐ పెంచడమంటే ఆ గారెని పైనుంచి అరచేత్తో నొక్కడం. పిండి అంతే ఉంటుంది, చుట్టూ ఇంకా దూరం పరుచుకుంటుంది, కానీ అప్పడంలా పలచబడుతుంది. 13 డీబీఐ ఓమ్నీలో ఆ అప్పడం మందం దాదాపు 7 డిగ్రీలే. మీ కప్పు మీద యాంటెన్నా 4 మీటర్ల ఎత్తులో ఉంది, క్యాంప్‌గ్రౌండ్ వాళ్ల వైఫై పెట్టె 30 మీటర్ల దూరంలో 10 మీటర్ల స్తంభం మీద ఉంది అనుకోండి, అది మీకు 11 డిగ్రీల పైన ఉన్నట్టు, అంటే మీ సిగ్నల్ దాని కిందినుంచి జారిపోతుంది. పైగా ఏ సైటూ నూటికి నూరుపాళ్లు సమంగా ఉండదు, బండి రెండు మూడు డిగ్రీలు వాలినా అప్పడం ఒక పక్క ఆకాశంలోకి, ఒక పక్క నేలలోకి పోతుంది. కాబట్టి ఓమ్నీ అయితే 5 నుంచి 8 డీబీఐ మధ్య తీసుకోండి, అంతకు మించి బండికి వద్దు.

నిజంగా దూరం కావాలంటే ఓమ్నీ కాదు, ప్యానెల్ యాంటెన్నా తీసుకోండి. 8 నుంచి 11 డీబీఐ, 40, 60 డిగ్రీల వెడల్పు ఉండేవి, ఒకే వైపు చూస్తాయి. దాన్ని నిచ్చెనకి క్లాంపుతో బిగించి, ఆగిన ప్రతిచోటా వైఫై స్తంభం వైపు తిప్పుకోవాలి, రెండు నిమిషాల పని. ఇందులో ఇంకో లాభం ఉంది, నాకు దూరం కంటే ఇదే ఎక్కువ అక్కరకొచ్చింది. వేసవిలో నిండిన క్యాంప్‌గ్రౌండ్‌లో ప్రతి బండిలో ఒక హాట్‌స్పాట్, ఒక రూటర్ ఉంటాయి, అన్నీ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఆ 1, 6, 11 ఛానళ్ల మీదే పడి కొట్టుకుంటుంటాయి. కప్పు మీది ఓమ్నీ మీకు కావలసిన గొంతుతో పాటు ఆ సంతంతటినీ వింటుంది. ప్యానెల్ వీపు వెనక ఉన్న గోలని చాలావరకు పట్టించుకోదు. 5 గిగాహెర్ట్జ్ కూడా ఉన్న యూనిట్ దొరికితే ఇంకా మంచిది. అదే దూరానికి అది 7 డీబీ దాకా ఎక్కువ పోగొట్టుకుంటుంది, ఆకులు అడ్డొస్తే ఇంకా, కానీ రద్దీ తక్కువ కాబట్టి దగ్గర సైట్లలో అదే గెలుస్తుంది.

ఇదంతా సరే, అసలు మొదట చేయాల్సిన పని వేరే ఉంది, పైసా ఖర్చు లేదు. ఈసారి క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్లినప్పుడు ఆఫీసు పక్కన, వైఫై పెట్టె కిందే నిలబడి ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేయండి, ఒకసారి పగలు, ఒకసారి రాత్రి ఎనిమిదింటికి. మీకు వీడియో కాల్ ఒక్కోదానికి రెండు వైపులా 3, 4 ఎంబీపీఎస్ ఉండాలి. ఆ పెట్టె కిందే రాత్రిపూట 1 వస్తోందంటే, వంద బండ్లు ఒకే సన్నటి లైను పంచుకుంటున్నాయని అర్థం, ఇక మీరు ఏ యాంటెన్నా పెట్టినా సైటు దగ్గర గీతలు నిండుతాయి గానీ కాల్ నడవదు. అక్కడ 30 వచ్చి సైటు దగ్గర 1 వస్తే అప్పుడు యాంటెన్నా మీ డబ్బుకి న్యాయం చేస్తుంది. సైటు దగ్గర ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై అనలైజర్ లాంటి యాప్ పెట్టి సిగ్నల్ బలం చూపే డీబీఎమ్ అంకె చూడండి. మైనస్ 65 డీబీఎమ్ దగ్గర ఉంటే కాల్స్‌కి బాగు, మైనస్ 75 దాటితే కష్టం, మైనస్ 85 అంటే పేరు కనిపించడమే తప్ప పనికి రాదు.

మరో మాట. పక్కవాడి గొంతు మనకి వినిపిస్తే చాలదు, మన గొంతూ వాడికి వినిపించాలి. యాంటెన్నా గెయిన్, అంటే ఆ డీబీఐ, వినడానికీ చెప్పడానికీ రెండింటికీ పనికొస్తుంది. "పవర్ బూస్టర్" అని అమ్మే పెట్టెల్లో ఎక్కువ భాగం మన గొంతునే పెద్దది చేస్తాయి. అమెరికాలో 2.4 గిగాహెర్ట్జ్‌లో 1 వాట్ రేడియోకి 6 డీబీఐ యాంటెన్నా, మొత్తం 4 వాట్లతో సమానం, అదీ మామూలు పరిమితి. 5 వాట్లు, 10 వాట్లు అని రాసి ఉన్న వాటి జోలికి పోవద్దు. అలాగే వైఫై యాంటెన్నా వేరు, సెల్ యాంటెన్నా వేరు, ఒకటి కొని రెండో పని చేస్తుందనుకుని మోసపోయినవాళ్లని చాలామందిని చూశాను.

పైన యూనిట్ పట్టిన ఇంటర్నెట్‌ని లోపల ఇంకో చిన్న ట్రావెల్ రూటర్‌కి ఇవ్వండి, మీ ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు అన్నీ దానికే కలుస్తాయి. క్యాంప్‌గ్రౌండ్ లాగిన్ పేజీలో ఒక్కసారి పేరు కొడితే అందరికీ సరిపోతుంది. ఒకే రేడియోతో పట్టి మళ్లీ వదిలే చవక రిపీటర్లు వద్దు, వాటితో వేగం సగానికి సగం పడిపోతుంది. మీ నాన్నగారి న్యూస్ ఛానళ్లు, పిల్లల బొమ్మల సినిమాలు కాల్స్ టైములో నడవకుండా ఆ రూటర్‌లోనే హద్దు పెట్టొచ్చు, లేదా ఇంట్లో ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసి పట్టుకెళ్లండి, ఆ పద్ధతిలో ఇంట్లో గొడవ కూడా ఉండదు.

బిగించేటప్పుడు కప్పుకి కొత్త చిల్లు పెట్టకండి. ఫ్రిజ్ వెనక గాలి పోయే వెంట్ ఉంటుంది కదా, తీగని అందులోంచి లోపలికి దించవచ్చు. లోపలికి దూరేముందు తీగ కొంచెం కిందికి వేలాడి మళ్లీ పైకి లేచేలా చూడండి, వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. కర్ర మీద ఎత్తు పెడితే ఉరుములు మొదలవగానే దించండి, బయల్దేరేముందు కూడా దించండి. మీ బండి ఏసీతో కలిపి 11 అడుగుల దాకా ఉంటుంది. నార్త్ కరోలినాలో డర్హమ్‌లో ఒక రైలు వంతెన ఉంది, మనవాళ్లు అక్కడ చాలామంది ఉంటారు కాబట్టి చూసే ఉంటారు. 11 అడుగుల 8 అంగుళాల ఆ వంతెనకి గుద్దుకుని ఎన్ని లారీల కప్పులు లేచిపోయాయో లెక్కలేదు, చివరికి 2019లో దాన్ని 12 అడుగుల 4 అంగుళాలకి ఎత్తారు, ఆ తర్వాతా గుద్దుతూనే ఉన్నారు. "యాంటెన్నా దించానా" అని కాగితం మీద రాసి స్టీరింగ్ దగ్గర అంటించండి.

ఇక యెల్లోస్టోన్. పార్కు లోపలి క్యాంప్‌గ్రౌండ్లలో వైఫై మీద ఆశ పెట్టుకోవద్దు, సెల్ సిగ్నల్ కూడా చాలాచోట్ల ఉండదు, లేని సిగ్నల్‌ని ఏ యాంటెన్నా తేలేదు. పనిచేసే నాలుగు రోజులు పార్కు అంచున ఉన్న వెస్ట్ యెల్లోస్టోన్‌లోనో గార్డినర్‌లోనో ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్‌లో ఉండి, మిగతా మూడు రోజులు లోపలికి వెళ్లండి. అక్కడ టైము డాలస్ కంటే గంట వెనక, మీ తొమ్మిదింటి మీటింగ్ అక్కడ ఎనిమిదికే. ఉద్యోగం నిజంగా దీనిమీదే ఆధారపడి ఉంటే ఉపగ్రహాల నుంచి ఇంటర్నెట్ పట్టే చిన్న డిష్ స్టార్‌లింక్ మినీ కూడా ఆలోచించండి, 2024లో వచ్చింది, కిలో చిల్లర బరువు, 25 నుంచి 40 వాట్లు తాగుతుంది. దానికి ఆకాశం విప్పారి కనిపించాలి, పైన్ చెట్ల కింద సైటు వస్తే అదీ తడబడుతుంది. నేనైతే రెండు దారులు పెట్టుకుంటాను, ఒక ప్యానెల్ వైఫై యూనిట్, ఒక సెల్ హాట్‌స్పాట్, రెండూ వేరే వేరే లైన్లు కాబట్టి ఒకటి పడిపోయినా ఇంకోటి మీటింగ్‌ని నిలబెడుతుంది.

ప్రశ్న: మాది అల్యూమినియం ఒళ్లున్న ట్రైలర్ అండీ. బయట కుర్చీలో కూర్చుంటే వైఫై బాగానే వస్తుంది, లోపలికి వచ్చి తలుపేస్తే పోతుంది. దీనికీ లాంగ్ రేంజ్ యాంటెన్నా కావాలా?
న్యూజెర్సీ పాఠకురాలు

జవాబు: అక్కర్లేదమ్మా. మీ సమస్య దూరం కాదు, గోడ. అల్యూమినియం రేకు రేడియో తరంగాలని వెనక్కి కొట్టేస్తుంది, లోపలికి వచ్చేదంతా కిటికీల్లోంచే. చిన్న 5 డీబీఐ అవుట్‌డోర్ యూనిట్ బయట పెట్టి ఈథర్నెట్ తీగతో లోపలికి తెస్తే చాలు. అప్పటిదాకా ట్రావెల్ రూటర్‌ని క్యాంప్‌గ్రౌండ్ ఆఫీసు వైపు కిటికీలో పెట్టి చూడండి, చాలామందికి అంతటితోనే పని అయిపోతుంది.

ప్రశ్న: ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో మేనేజర్ "మా వైఫై కొనుక్కోండి, మీ హాట్‌స్పాట్ వాడితే బ్లాక్ చేస్తాం" అన్నాడు. అలా చేయొచ్చా?
అట్లాంటా పాఠకుడు

జవాబు: బ్లాక్ చేయడం కుదరదు. నాష్‌విల్‌లో ఒక పెద్ద హోటల్ అతిథుల హాట్‌స్పాట్లని ఇలాగే పడగొడితే, రేడియో తరంగాల వాడకాన్ని చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ విచారణ తర్వాత 2014లో 6 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది, 2015 జనవరిలో ఇలాంటి పని చట్టవిరుద్ధమని ఎఫ్‌సీసీ అందరికీ హెచ్చరిక కూడా ఇచ్చింది. ఆ మాట మర్యాదగానే చెప్పండి. మీ వైపు నుంచి మీరూ ఒకటి చేయండి, హాట్‌స్పాట్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. బండి లోపలికి అది చాలు, పక్క సైటు వాళ్ల 2.4కి మీ వల్ల ఇబ్బంది ఉండదు.