రాళ్ళ మీద, చెక్క ముక్కల మీద పక్షులు, పువ్వులు వేయాలంటే ముందు కాన్వాస్ మీద నేర్చుకోవాలా?

అక్కర్లేదండి. మీరు కాన్వాస్ ఎప్పుడూ ముట్టుకోలేదని, నేరుగా రాళ్ళు, బెరడు, చెక్క బిళ్ళల మీద చిన్న చిన్న ప్రకృతి బొమ్మలు వేయాలనుందని, ఏ రంగులు కొనాలో తెలియడం లేదని రాశారు. నన్నడిగితే కాన్వాస్ నేర్చుకోకుండా రావడమే మంచిది. కాన్వాస్‌కి అలవాటు పడ్డవాళ్ళు చేతికి రాయి దొరగ్గానే దాని మీద తెల్ల రంగు దట్టంగా పట్టించి, గరుకంతా కప్పేసి, ఆ పైన గులాబీ వేస్తారు. ఆ మాత్రానికి రాయెందుకు, అట్ట ముక్క చాలదా? రంగులంటారా, అక్రిలిక్ తీసుకోండి. పెద్ద సెట్లు వద్దు, తెలుపు, నలుపు, పసుపు, ఎరుపు, నీలం, ఒక మట్టి రంగు ఉంటే ఏడాది గడుస్తుంది. ఒక సన్న బ్రష్, ఒక పాత అరిగిన బ్రష్. రంగుల సంగతి ఇంతే, అసలు సంగతి వేరే ఉంది.

మాది పెదవాల్తేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వైజాగ్‌లో ఉన్నవాళ్ళకి ఆ రోజు గురించి చెప్పక్కర్లేదు. మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోతే గండం గడిచిందనుకుని మేము తలుపులు తీశాం, కాసేపటికి అవతలి దిక్కు నుంచి మళ్ళీ మొదలైంది. ఆ రెండో గాలికి మా పెరట్లో వేపచెట్టు వేళ్ళతో సహా లేచి ప్రహరీ గోడ మీద పడింది. మా మావగారు ఇల్లు కట్టిన ఏడాది నాటిన చెట్టు. కరెంటు లేదు, మోటారు ఆడదు, పాల ప్యాకెట్ కోసం తెల్లవారుజామున వెళ్ళి నిలబడాలి. ఆ హడావిడిలో నాలుగైదు రోజులకి రంపాలతో మనుషులొచ్చి చెట్టుని ముక్కలు చేస్తుంటే, మా అత్తయ్య "పొయ్యిలోకి పనికొస్తాయి, ఓ పక్కన వేయించు" అన్నారు. నేను వాళ్ళని బతిమాలి ఒక కొమ్మని అరంగుళం మందాన బిళ్ళలు కోయించుకున్నాను, మొదలు నుంచి ఊడిన జానెడు బెరడు పెచ్చు కూడా తీసి దాచాను.

ఎందుకు దాచానో అప్పుడు నాకూ తెలీదు. చెట్టు లేని పెరడు చూస్తుంటే ఏదో అయిపోయేది, అంతే. వేపపళ్ళు పండే రోజుల్లో ఆ చెట్టు మీదికి కోయిలలు వచ్చేవి. కోయిలంటే అందరికీ నల్లదే తెలుసు, అది మగది, ఆ పాటా దానిదే. ఆడ కోయిల గోధుమ రంగులో, ఒళ్ళంతా తెల్ల చుక్కలతో ఉంటుంది, కన్ను మాత్రం ఎర్రగా మెరుస్తుంది. మా ఇంటికొచ్చిన వాళ్ళు దాన్ని చూసి డేగ పిల్లా అని అడిగేవాళ్ళు. ఓ సాయంత్రం ఆ బెరడు పెచ్చుని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే, ఆ పగుళ్ళ మధ్య ఉబ్బెత్తుగా ఉన్న చోట అచ్చం ఆడ కోయిల వీపు కనిపించింది. నేను వేసింది ఎంతో కాదు. ఎర్రటి కన్ను, లేత ఆకుపచ్చ ముక్కు, ఉబ్బెత్తుల మీద మాత్రమే సన్నగా తెల్ల చుక్కలు, తోక దగ్గర నాలుగు చారలు. మిగతాదంతా వేప బెరడే. గంటన్నరలో అయిపోయింది, పన్నెండేళ్ళుగా నేను వేసిన వాటిలో దానికి సాటి వచ్చేది ఇంకోటి లేదు.

చెక్క బిళ్ళలు మాత్రం నాశనమయ్యాయి. వాటి మీద తెల్ల రంగు పూసి మందారాలు, సీతాకోకచిలుకలు వేశాను, పైన మెరుపు కోసం ఎవరో చెప్పారని తెల్ల జిగురు రాశాను. నెల తిరక్కుండా తెల్ల రంగులోంచి టీ మరకల్లా పసుపు ఊరింది, అంచు నుంచి నడిమి దాకా చీలికలొచ్చాయి, వానలు మొదలయ్యాక జిగురు చేతికి అంటుకుంటూ బూజు పట్టింది. మా వీధి చివర వడ్రంగి బాబాయికి చూపిస్తే ఒకటే మాటన్నాడు: "పచ్చి చెక్క మీద రంగు ఏసీసేవు గదమ్మా, అందులో పసరెక్కడికి పోతాది?" చెక్క ఆరేటప్పుడు మధ్య నుంచి అంచుకి కుంచించుకునే దానికంటే వలయాల వెంబడి ఎక్కువ కుంచించుకుంటుందట, అందుకే గుండ్రటి బిళ్ళలు అలా చీలతాయి. అంగుళం మందానికి ఏడాది చొప్పున నీడలో ఆరనివ్వాలని, పసరు పైకి రాకుండా స్పిరిట్‌లో కరిగించిన లక్క ఒక పూత వేసి, ఆరాకే రంగు వేయాలని చెప్పాడు. అదీ ముసురు పట్టిన రోజు కాదు, గాలిలో తేమ ఉంటే లక్క పూత పాలలా తెల్లబడుతుంది. మన సముద్రపు ఊళ్ళో దీనికి మంచి రోజులంటే చలికాలమే.

ఆ తర్వాత వరాహ నది ఒడ్డున, లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక ఊరు వెళ్ళి చూశాను. అక్కడ అంకుడు కర్రని బాగా ఆరబెట్టి, తిరిగే కర్ర మీద రంగు కలిపిన లక్కని ఒత్తి పడతారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టేస్తుంది. గింజలు, వేళ్ళు, ఆకుల నుంచి తీసిన రంగులు. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ రంగుల కోసం పాటుపడిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మనం చేసేది నునుపు పని కాదు, గరుకు పని, నిజమే. కానీ అంత చేయి తిరిగిన వాళ్ళే కర్ర ఆరేదాకా ఆగుతుంటే మనకి తొందరేంటి? ఒక ప్రదర్శనకి నా కోయిలని తీసుకెళ్తే అక్కడి పెద్దాయన ఒకరు "ఇది హస్తకళ కౌంటర్‌లో పెట్టండి, చిత్రకళ కాదు" అన్నారు. ఆ మాటకి ఇప్పటికీ నాకు మండుతుంది. బెరడు మీద పక్షి వేస్తే చేతిపని, గుడ్డ మీద వేస్తే కళా?

ఇంకో బాధ కూడా చెప్పాలి. ఈ పని పేరు చెప్పి బతికున్న చెట్ల బెరడు చెక్కేవాళ్ళని బీచ్ రోడ్డు దగ్గర కళ్ళారా చూశాను. బెరడు కిందే చెట్టు తిండి ప్రయాణించే దారి ఉంటుంది, చుట్టూ చెక్కేస్తే చెట్టు చచ్చిపోతుంది. రాలింది, విరిగింది, పడిపోయింది మాత్రమే తీసుకోండి. గవ్వలూ శంఖాలూ కొనేటప్పుడు కూడా జాగ్రత్త, కొన్ని రకాలు 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణలో ఉన్నాయి. రంగు బాగుందని భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల నుంచి మట్టి సంచుల్లో తెచ్చుకునే వాళ్ళని చూస్తే నాకు ఏడుపొస్తుంది. అంత మట్టి పేరుకోవడానికి వేల ఏళ్ళు పట్టింది.

మీరు రాయితో మొదలుపెట్టండి. మన కొండల రాయి ఖొండలైట్, తుప్పు రంగు మరకలతో, మధ్యలో ఎర్రటి గార్నెట్ గింజలతో ఉంటుంది. బాగా గరుకు, కొత్త బ్రష్ వెంట్రుకలు రెండు రోజుల్లో అరిగిపోతాయి, పాత బ్రష్ ఒకటి ఉండాలన్నది అందుకే. ఇల్లు కడుతున్న చోట పునాది తవ్వి పోసిన కుప్పలో అడిగితే ఇస్తారు. సముద్రం ఒడ్డున దొరికిన ముక్కయితే మూడు రోజులు మంచినీళ్ళలో నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చండి, లేకపోతే ఉప్పు పైకొచ్చి రంగు పెచ్చులూడుతుంది. ఆరాక వెంటనే రంగు డబ్బా తీయకండి. ఓ వారం కిటికీలో పెట్టి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తిప్పి తిప్పి చూడండి. ఆ తుప్పు మరకలో మీకు ఏ రెక్క కనిపించిందో, ఏ ఆకు కనిపించిందో ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ఎక్కడ రంగు వేయాలో, ఎక్కడ వదిలేయాలో నేను చెప్తాను.