నిద్రలో కేకలు పెట్టే పాపను లేపాలా, వద్దా?

మీ పాపకు నాలుగేళ్లని, పడుకున్న గంటన్నరకే లేచి కూర్చుని కేకలు పెడుతోందని, ఎత్తుకోబోతే మిమ్మల్నే తోసేస్తోందని, తెల్లవారాక అడిగితే ఏమీ తెలియదంటోందని రాశారు. లేపాలా వద్దా అన్నది మీ ప్రశ్న. లేపకండి. మా అబ్బాయిని మూడు వారాల పాటు లేపడానికి ప్రయత్నించిన తల్లిగా ఈ మాట చెబుతున్నాను.

వాడికి అప్పుడు ఐదో ఏడు నడుస్తోంది. మొదటి రాత్రి ఆ కేక విని పరుగెత్తాను. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ చూపు నా మీద నిలవడం లేదు. ఒళ్లంతా చెమట. చేయి వేస్తే గుండె దడదడా కొట్టుకుంటోంది. "అమ్మా, అమ్మా" అని అరుస్తున్నాడు, దగ్గరకు తీసుకుంటే గింజుకుంటున్నాడు. లైటు వేశాను, భుజాలు పట్టి కుదిపాను, మొహాన నీళ్లు చల్లాను. నేను చేసిన ప్రతి పనికీ ఆ అరుపు ఇంకా పెరిగింది. 20 నిమిషాలకు ఉన్నట్టుండి మెత్తబడి, దిండు మీద తల వాల్చి నిద్రపోయాడు. మేమిద్దరం తెల్లవార్లూ వాడి పక్కనే కూర్చున్నాం. ఉదయం వాడు ఏమీ జరగనట్టే లేచి ఆటల్లో పడ్డాడు.

పిల్లల వైద్యురాలు మేము చెప్పినదంతా విని ముందుగా అడిగింది ఒకటే: పడుకున్న ఎంతసేపటికి? ఇంత భయంకరమైన సంగతి చెబుతుంటే గడియారం గురించి అడుగుతున్నారేమిటని బాధపడ్డాను. కానీ అసలు కీలకం అక్కడే ఉంది. రాత్రి మొదటి భాగంలో గాఢనిద్ర ఎక్కువ. స్పష్టమైన కలలు వచ్చే దశ తెల్లవారుజాము వైపు పెరుగుతుంది. పీడకల వచ్చిన బిడ్డ పూర్తిగా మేలుకుంటుంది, మనల్ని పట్టుకుని ఏడుస్తుంది, ఏం కనిపించిందో చెబుతుంది, మళ్లీ పడుకోవడానికి జంకుతుంది. మీ పాపకు వస్తున్నవాటిని నైట్ టెర్రర్స్ అంటారు. ఇవి గాఢనిద్రలోంచి వస్తాయి, సాధారణంగా పడుకున్న 1 నుంచి 3 గంటల లోపు. గాఢనిద్ర నుంచి తేలికపాటి నిద్రలోకి మారే సమయంలో మెదడు కొంత మేలుకుని, కొంత నిద్రలోనే ఉండిపోతుంది. భయాన్నీ శరీర కదలికలనూ నడిపే భాగాలు లేస్తాయి. ఎదుట ఉన్నది ఎవరో పోల్చుకుని, జరిగినది గుర్తుంచుకునే భాగాలు లేవవు. అమ్మను పిలుస్తూనే అమ్మను తోసేయడం అందుకే.

మీ ఉత్తరంలో నన్ను కదిలించిన మాట, "నా మీద ఏదైనా కోపం ఉందేమో" అన్నది. లేదండి. ఆ క్షణంలో తాను ఎవరిని తోస్తోందో పాపకు తెలియదు. మీకు కలిగే భయం తెల్లవార్లూ మీతోనే ఉంటుంది, పాపకు మాత్రం జ్ఞాపకంగా కూడా మిగలదు.

నిద్రలో నడవడం కూడా ఇదే కోవకు చెందినది. రెండూ కుటుంబాల్లో తరతరాలుగా కనిపిస్తాయి. మా వారు చిన్నతనంలో నిద్రలో నడిచి తలుపు దాకా వెళ్లేవారని మా అత్తగారు అప్పుడు గానీ చెప్పలేదు.

ఇక అరుపు మొదలైనప్పుడు మేము నేర్చుకున్న పద్ధతి ఇది. పెద్ద లైటు వేయం. పట్టుకుని ఆపం. మంచం పక్కన నేల మీద కూర్చుని, పడిపోయేలా ఉంటే చేయి అడ్డం పెడతాం. తల తగిలే వస్తువులు పడుకునే ముందే తీసేస్తాం, బయటి తలుపుకు గడియ వేస్తాం. "నేనున్నాను" అని మెల్లగా ఒకటి రెండు సార్లు అంటాను, అంతే. ఎక్కువ సార్లు కొద్ది నిమిషాల్లోనే ముగుస్తుంది, అప్పుడప్పుడు అరగంట దాకా పోవచ్చు. ఏమీ చేయకుండా కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా వాడికి ఉపయోగపడింది అదే.

మేము చేసిన ఇంకో తప్పు మీరు చేయకండి. తెల్లవారగానే ఇంట్లో ఒకరి తర్వాత ఒకరం "రాత్రి ఎందుకు అరిచావు, ఏం చూశావు?" అని అడిగేవాళ్లం. తెలియని సంగతి గురించి అన్ని సార్లు అడిగేసరికి, రాత్రి తనకు ఏదో అవుతోందని వాడు భయపడి, పడుకోనని మొండికేశాడు. నిద్ర తగ్గింది, అరుపులు పెరిగాయి.

నిద్ర తగ్గితే ఇవి పెరుగుతాయని నాకు అర్థమైంది ఒక నోటు పుస్తకం వల్ల. రెండు వారాలు వాడు పడుకున్న సమయం, అరిచిన సమయం, లేచిన సమయం రాశాను. బడి వేళలు మారాక పగటి కునుకు మానేశాడు, రాత్రి పడుకునే వేళ మాత్రం మేము మార్చలేదు. లెక్క చూస్తే రోజుకు 9 గంటలే నిద్రపోతున్నాడు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు కావాలి. అలసిన శరీరం గాఢనిద్రలోకి మరింత లోతుగా వెళుతుంది, అందులోంచి సాఫీగా బయటికి రాలేదు. పడుకునే వేళను ముప్పావు గంట ముందుకు జరిపాం. వారానికి నాలుగైదు సార్లు వచ్చేవి నెల తిరిగేసరికి ఒకటికి తగ్గాయి. జ్వరం వచ్చిన రాత్రులు మళ్లీ కనిపించేవి. కొత్త చోటు, చప్పుడు, మూత్రం ఆపుకుని పడుకోవడం కూడా వీటిని రేపుతాయి.

మిగిలిన ఆ ఒకటి కూడా దాదాపు ఒకే సమయానికి వచ్చేది. అందుకని వైద్యురాలి సలహాతో, ఆ సమయానికి 15 నిమిషాల ముందు వాడిని మెల్లగా తట్టి, కాస్త కదిలి గొణిగే వరకు ఆగి, మళ్లీ పడుకోనిచ్చేవాళ్లం. మూడు వారాలు ఇలా చేశాం. లేపవద్దని చెప్పి ఇదేమిటని అనుకోకండి. లేపకూడనిది అరుపు మొదలయ్యాక. వేళ రోజుకొక రకంగా ఉంటే ఈ పద్ధతి పనికిరాదు.

చాలామంది పిల్లల్లో పెరిగేకొద్దీ ఇవి వాటంతటవే పోతాయి. అయినా కొన్ని సంగతులు వైద్యులు చూడవలసినవే: ఒళ్లు బిగుసుకోవడం, ఒకే రకం కుదుపులు మళ్లీ మళ్లీ రావడం, నోటి వెంట చొంగ కారడం, ఒకే రాత్రి చాలా సార్లు రావడం, పగలంతా మగతగా ఉండటం. మూర్ఛ కొన్నిసార్లు ఇలాగే కనిపిస్తుంది, కాబట్టి అనుమానం ఉంటే ఆలస్యం చేయవద్దు. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తే అది కూడా చెప్పండి. నిద్రలో శ్వాసకు అడ్డంకి ఉంటే, దానికి చికిత్స చేయగానే ఈ కేకలు తగ్గే పిల్లలున్నారు. ఒకసారి ఫోనులో వీడియో తీసి చూపించండి, మన వర్ణన కంటే అది వైద్యులకు ఎక్కువ చెబుతుంది.

ఈ రాత్రి పాప నిద్రపోగానే సమయం రాసి పెట్టుకోండి. రెండు వారాల తర్వాత ఆ కాగితంలో ఏం కనిపించిందో ఇక్కడ చెప్పండి, కలిసి చూద్దాం.