మొక్కలు తర్వాత నాటుకుందాం, ముందు కాలువ చూసి రండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం చెరువుల మీదే ఉన్నాయి, అన్నీ బెంగళూరు మనవాళ్ళవే. చెరువు కమిటీలో ఇన్నేళ్ళుగా చేతులు కాల్చుకున్నదాన్ని కాబట్టి జవాబులు కాస్త సాగుతాయి, ఓర్చుకోండి.

ప్రశ్న: అక్కా, మా అపార్ట్‌మెంట్ వెనకాల చెరువుంది. పొద్దున వాకింగ్‌కి వెళ్ళే 14 మందిమి వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం, దాన్నే కమిటీ చేద్దామనుకుంటున్నాం. జూన్ 5న 200 మొక్కలు నాటి, బెంచీలకి రంగులేసి మొదలుపెడదామని ప్లాను. రిజిస్ట్రేషన్ ఎలా చెయ్యాలి, పర్మిషన్ ఎవరిస్తారు? — ఓ పాఠకుడు, కేఆర్ పురం

జవాబు: తమ్ముడూ, ఆ మొక్కలకి అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు కదా? ఇవ్వకపోతే ఆపెయ్యండి. కోప్పడకండి, మేమూ అదే చేశాం కాబట్టి చెప్తున్నా. మొదటి ఏడాది మేం కూడా టోపీలు పెట్టుకుని ఫొటోలు దిగి కట్ట పొడుగునా కానుగ, నేరేడు నాటేశాం, ఏప్రిల్ వచ్చేసరికి నీళ్ళు పోసే నాథుడు లేక సగం ఎండిపోయాయి, బతికిన వాటికేమో ఇంజనీరు వచ్చి చీవాట్లు పెట్టాడు, మట్టి కట్ట మీద పెద్ద చెట్లు పెంచకూడదంట, వేళ్ళు లోపలికి దూరి కట్టని గుల్ల చేస్తాయి, ఆ వేరు ఎప్పుడో చచ్చి కుళ్ళిందా, అదే నీళ్ళకి దారి అవుతుంది. మాకేం తెలుసు, చెట్టంటే మంచిదేగా అనుకున్నాం.

మీరు ముందు చూడాల్సింది కాలువ. చెరువులోకి నీళ్ళు వచ్చే చోటు, ఇక్కడ రాజకాలువె అంటారు. మంచి ఎండల్లో, వాన పడి నెల దాటాక అక్కడికి వెళ్ళి నిలబడండి. న్యాయంగా అయితే అది ఎండిపోయి ఉండాలి. పారుతోందంటే అవి వాన నీళ్ళు కావు, మన బాత్రూముల నీళ్ళు. పొద్దున 7కి ఒకసారి, మధ్యాహ్నం 3కి ఒకసారి చూడండి, 7కి జోరుగా వచ్చి 3కి సన్నబడితే ఇంక అనుమానమే అక్కర్లేదు, 7 అంటే పేటంతా స్నానాలు చేసే టైము. మేం నెల రోజులు అలా వంతులేసుకుని కూర్చుని ఒక లాంగ్ నోట్‌బుక్కులో రాశాం, తేదీ, టైము, నీళ్ళ రంగు, నురగ ఉందా లేదా, కాలువ గోడ మీద తడి ఎన్ని రాళ్ళ దాకా ఉంది, వాసనేంటి. మా కమిటీలో ఒకావిడ ఒక రోజు ‘8.10, షాంపూ వాసన’ అని రాసింది, అందరం నవ్వాం. తర్వాత ఆ షాంపూ వాసన పట్టుకునే కాలువ వెంట పైకి నడిస్తే ఒక అపార్ట్‌మెంట్ గోడ కింద పైపు దొరికింది. పేరు వద్దులెండి. వాళ్ళకి ఎస్‌టీపీ, అంటే మురుగు శుద్ధి చేసే ప్లాంటు, లేక కాదు, బ్రహ్మాండంగా ఉంది, కరెంటు బిల్లు వాచిపోతోందని రాత్రి ఆపేసి తెల్లారి నీళ్ళు కాలువలోకి వదిలేస్తున్నారు. ఆ అపార్ట్‌మెంట్లో మా కమిటీ మెంబర్లే ఇద్దరు ఉంటున్నారు, ఆ మీటింగు ఎలా జరిగుంటుందో మీరే ఊహించుకోండి.

కాలువని ఎందుకింత పట్టుకుని వేలాడుతున్నానంటే, బెంగళూరుకి ఏడాది పొడుగునా పారే నది లేదు, మనం తాగే కావేరి 100 కిలోమీటర్ల అవతల నుంచి పంపు కొట్టుకుంటూ పైకి రావాలి. అందుకే పాతవాళ్ళు వాగులకి అడ్డం కట్టలేసి చెరువుల్ని గొలుసులాగా కట్టుకున్నారు, పైది నిండితే కిందదానికి, అది నిండితే ఇంకా కిందకి. ఇప్పుడు మురుగూ అదే దారిలో దిగుతోంది. గొలుసు కింద బెళ్ళందూరు చెరువు ఉంది, అన్ని పేటల సబ్బూ చేరి 2015లో నురగ కట్ట దాటి రోడ్డు మీదికొచ్చింది, ఆ ఏడాదీ, 2017లో, 2018లో చెరువుకి మంటలంటుకున్నాయి. చెరువుకి మంటలేంటని మా అమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి అడిగితే ఏం చెప్పాలో తెలీలేదు నాకు. ఇంత జరిగాక కట్ట మీద బెంచీకి ఏ రంగేస్తే ఏంటి?

పూర్తిగా చేతులెత్తెయ్యాల్సిన పని కూడా లేదు. జక్కూరు చూసి రండి ఒక ఆదివారం, పైన రోజుకి కోటి లీటర్ల కెపాసిటీతో నీళ్ళ బోర్డు శుద్ధి ప్లాంటు కట్టింది, అక్కడి నీళ్ళు నేరుగా చెరువులోకి పోకుండా ముందు జమ్ము పెరిగే చిత్తడిలో తిరిగి, ఆ జమ్ము తినగలిగింది తిన్నాక చెరువులోకొస్తాయి. జేపీ నగర్ దగ్గర పుట్టేనహళ్ళి ఇంకో రకం, 13 ఎకరాల చిన్న చెరువు, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ట్రస్టు పెట్టుకుని 2011లో బీబీఎంపీతో, అంటే అప్పటి నగర కార్పొరేషన్‌తో, ఒప్పందం రాసుకున్నారు, ఈ ఊళ్ళో పౌరులు అలా ఒక చెరువుని చూసుకోవడానికి తీసుకోవడం అదే మొదలు. పక్క అపార్ట్‌మెంట్లో శుద్ధి చేసిన నీళ్ళనే ఆ చెరువుకి మళ్ళించుకున్నారు. మా పక్క అపార్ట్‌మెంట్ మాకేం పంపిందో పైన చదివారుగా.

పర్మిషన్ సంగతి. ముందు ఆ చెరువు ఎవరి చేతిలో ఉందో తేల్చుకోండి, అన్నీ ఒకరివి కావు, కొన్ని కార్పొరేషన్‌వి, కొన్ని బెంగళూరు అభివృద్ధి సంస్థ బీడీఏవి, అటవీ శాఖవీ ఉన్నాయి. 2025 సెప్టెంబర్ నుంచి బీబీఎంపీ పోయి 5 కార్పొరేషన్లయ్యాయి కాబట్టి పాత ఆఫీసుకి వెళ్తే కొత్తదానికి పొమ్మంటారు, అక్కడికెళ్తే ఫైలు ఇంకా రాలేదంటారు, టిఫిన్ తిని బయల్దేరండి. మొక్క నాటాలన్నా, కంచె వెయ్యాలన్నా, పూడిక తియ్యాలన్నా రాతపూర్వకంగా ఉండాలి. కానీ చూడ్డానికి, రాసుకోడానికి, ఫొటో తీసుకోడానికి, అర్జీ పెట్టడానికి ఎవడి పర్మిషనూ అక్కర్లేదు. ఆర్‌టీఐకి 10 రూపాయలు. కర్ణాటకలో ఒక అర్జీలో ఒకే విషయం, 150 మాటలకి మించకూడదని రూలుంది, మన తెలుగువాళ్ళకి కష్టమే, నేను రాసిన మొదటిది నాలుగు పేజీలు. రిజిస్ట్రేషన్‌కి తొందర లేదు. సొసైటీకి కనీసం 7 మంది కావాలి, మీరు 14 మంది ఉన్నారు, ఆరు నెలల తర్వాత కూడా కాలువ దగ్గరికి వచ్చేవాళ్ళు ఆ ఏడుగురు మిగిలితే అప్పుడు చేయించుకోండి. డబ్బు మాత్రం మొదటి ఏడాది ముట్టుకోకండి. మా కమిటీ మొదటిసారి చీలింది టీషర్టుల లెక్క దగ్గరే.

ప్రశ్న: మేడం, మొన్న మొదటి వాన పడిన మర్నాడు తెల్లారేసరికి మా చెరువులో చేపలు తెల్లగా తేలాయి. ఎవరో విషం కలిపారని కమిటీలో గొడవ, చేపలు పట్టే కాంట్రాక్టు వాళ్ళ మీద అనుమానం. పోలీసు కంప్లైంటు ఇవ్వమంటారా? — ఓ పాఠకురాలు, హొరమావు

జవాబు: ఆగండమ్మా, చేపలు పోతే ముందు నష్టపోయేది ఆ కాంట్రాక్టు వాళ్ళే కదా, వాళ్ళే విషం ఎందుకు కలుపుతారు?

మీరు రాసిన దాంట్లోనే సగం జవాబుంది, మొదటి వాన, తెల్లవారుజాము. మురుగు తిని బలిసిన చెరువులో నీళ్ళు పచ్చగా ఉంటాయి చూడండి, ఆ పచ్చదనమంతా నాచే. పగలు ఎండలో అది ఆక్సిజన్ వదుల్తుంది, రాత్రి మాత్రం అదీ మనలాగే పీల్చుకుంటుంది, అందుకే తెల్లారే ముందు నీళ్ళలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ. మబ్బు పట్టిన రోజైతే ఇంకా తక్కువ. దానికి తోడు మొదటి వాన కాలువల్లో వేసవంతా పేరుకున్న బురదని ఒక్క తోపున చెరువులోకి తోస్తుంది, దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మిగిలిన కాస్త ఆక్సిజన్‌నీ లాగేస్తాయి. చేపలు పైకొచ్చి నోరు తెరుచుకుని గుటకలేస్తాయి, సూర్యుడొచ్చేలోపు అయిపోతుంది. 2016 మార్చిలో హలసూరు చెరువులో కుప్పలు కుప్పలుగా పోయాయి, గుర్తుండే ఉంటుంది.

విషం కానే కాదని నేనెక్కడో కూర్చుని చెప్పలేను. అందుకని పొల్యూషన్ బోర్డుకి ఫోన్ చేసి పొద్దున్నే శాంపిల్ తియ్యమనండి, మధ్యాహ్నం వస్తే అప్పటికి ఎండకి ఆక్సిజన్ మళ్ళీ పెరిగి అంతా బాగానే ఉన్నట్టు కాగితం వస్తుంది, మాకలాగే వచ్చింది. చచ్చిన చేపల్ని నీళ్ళలో ఉండనివ్వకుండా తీసి పూడ్పించండి, తినడానికి ఎవరికీ ఇవ్వకండి.

ఇంకోటి, ఒక తెల్ల ప్లేటుకి తాడు కట్టి, తాడుకి జానెడుకో ముడి వేసి, వారానికోసారి నీళ్ళలోకి దింపండి. కనిపించకుండా పోయేసరికి ఎన్ని ముళ్ళు మునిగాయో రాసుకోండి, ఎప్పుడూ అదే చోట, అదే టైముకి. మాది ఒక వేసవిలో రెండు ముళ్ళకే మాయమైపోయేది. ముళ్ళు తగ్గుతూ వస్తున్నాయంటే చేపలు తేలకముందే మీకు తెలుస్తుంది.

ప్రశ్న: మట్టి వినాయకుడినైతే చెరువులో వెయ్యొచ్చు కదా? — మారతహళ్ళి

జవాబు: చెరువులో వద్దు, పక్కన కళ్యాణి, అంటే నిమజ్జనానికి వేరుగా చిన్న కోనేరు, కట్టి ఉంటే అందులో వెయ్యండి. ఇంట్లో బకెట్లో కలిపి ఆ మట్టి తులసి కుండీలో పోస్తే ఇంకా మంచిది, రంగు వెయ్యని బొమ్మ అయితేనే సుమా. పూలు, పత్రి కవరుతో సహా విసిరే వాళ్ళకి మాత్రం మట్టి బొమ్మ తెచ్చిన పుణ్యం కూడా ఆ కవరులోనే పోతుంది.

ప్రశ్న: మా చెరువుకి కొత్తగా కంచె వేశారు, గేటుకి టైమింగ్స్ పెట్టారు. ఎప్పట్నుంచో గడ్డి కోసుకెళ్ళే ఒక ముసలావిడని సెక్యూరిటీ వెనక్కి పంపేశాడు. నాకు మనసొప్పలేదు, కమిటీలో అడిగితే ‘వాకింగ్ ట్రాక్ మీద గడ్డిమోపులేంటండీ’ అన్నారు. నేనే తప్పు ఆలోచిస్తున్నానా? — ఓ పాఠకుడు, సర్జాపుర రోడ్డు

జవాబు: మీరు కాదు సార్, తప్పు కమిటీది, ఉన్నదున్నట్టు చెప్తున్నా. ఆ చెరువు తవ్వింది వాకింగ్ కోసం కాదు, కింద పొలాలకి నీళ్ళ కోసం, పశువుల కోసం. మనం నిన్న మొన్న వచ్చాం.

పోనీ జాలి సంగతి వదిలేసి లెక్క చూద్దాం. మురుగుతో వచ్చే నత్రజని, భాస్వరం గడ్డిలోకీ, గుర్రపు డెక్కలోకీ ఎక్కుతాయి. అది అక్కడే కుళ్ళితే మళ్ళీ నీళ్ళలోకే. కోసి బయటికి తీసుకెళ్తేనే చెరువు నుంచి పోయినట్టు. మేం ఒకసారి చందాలేసుకుని మెషీన్ తెప్పించి గుర్రపు డెక్క తీయించాం, కాంట్రాక్టర్ గట్టు మీదే కుప్ప పోసి బిల్లు పట్టుకుని వెళ్ళిపోయాడు, తర్వాతి వానకి దాని రసమంతా నల్లగా కారి తిరిగి చెరువులోకే చేరింది. ఆ ముసలావిడ కొడవలి, గోనెపట్ట వేసుకొచ్చి రోజుకో మోపు అసలు ఖర్చే లేకుండా బయటికి మోస్తోంది, ఆవిణ్ణి ఆపి మీరు మెషీన్‌కి టెండరు పిలుస్తారన్నమాట.

మా దగ్గర ఇలాంటి ఆవిడే ఒకరున్నారు. రాత్రి ఎవరో పాత బిల్డింగు పెళ్ళలు తెచ్చి చెరువు మూలకి పోసేస్తున్నారు, సీసీ కెమెరా పెట్టినా దొరకలేదు, అందులో లైటు కింద ఉన్నదే కాస్త కనబడేది. గడ్డి కోస్తూ ఆవిడ మామూలుగా అన్న మాట, ‘నాలుగున్నరకి వస్తాది టిప్పరు, ఎనకాల లైటు ఒకటే ఎలుగుతాది’. మర్నాడు అదే టైముకి మేం ఐదుగురం వెళ్ళి నిలబడ్డాం, ఒక్క లైటుతోనే వచ్చింది. ఆవిడకిప్పుడు కమిటీ కార్డుంది, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మెళ్ళో వేసుకుంటుంది.

మీరూ అలా ఒక ఏర్పాటు చేసుకోండి, ఏ వైపు కొయ్యాలి, పక్షులు గూళ్ళు పెట్టే నెలల్లో ఏ మూలకి వెళ్ళకూడదు, అంతే. ఆ మూలలు మనకన్నా ఆవిడకే బాగా తెలిసుంటాయి.

ప్రశ్న: అక్కా, నేను వచ్చి మూడేళ్ళయింది, కన్నడ సరిగ్గా రాదు. చెరువు కమిటీలో చేరాలని ఉంది కానీ మీటింగుల్లో నోరు తెరవాలంటే భయం. తెలుగువాళ్ళని ఎలా చూస్తారు? — వైట్‌ఫీల్డ్

జవాబు: చేరమ్మా, చేరి తప్పులు మాట్లాడు. నా కథ చెప్తా. మొదటి వానాకాలం కమిటీ గ్రూపులో ‘కెరె కోడి బిద్దిదె’ అని మెసేజ్ వచ్చింది. నేను గొడుగేసుకుని పరిగెత్తి, నీళ్ళల్లో పడిన కోడి ఎక్కడా అని గట్టంతా వెతికా. కోడి అంటే మన అలుగు, చెరువు నిండి అలుగు పారుతోందని దానర్థం. ఆ రోజు నుంచి నన్ను కోడి మేడం అంటారు, ఇప్పటికీ.

అది తప్ప మిగతావన్నీ మన మాటలకి చుట్టాలే. మన తూముని వాళ్ళు తూబు అంటారు. నీళ్ళు వదిలే మనిషిని మా మదనపల్లె వైపు నీరుగంటి అంటారు, ఇక్కడా అదే మాట. కట్టని ఏరి అంటారు, చెన్నై నుంచి వచ్చినవాళ్ళకి ఏరి అంటే చెరువే కాబట్టి మీటింగులో వాళ్ళు మనకన్నా ఎక్కువ తికమక పడతారు. బెళ్ళందూరు, వర్తూరు వైపు పాత ఊళ్ళలో ఇళ్ళల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు కూడా చాలా ఉన్నాయి, తరాలుగా. అర్జీ మాత్రం కన్నడలోనే రాయించు, ఇంగ్లీషు అర్జీ టేబుల్ మీద నిద్రపోతుంది.

మా చెరువుకి తూము ఎక్కడుందో కమిటీకి మూడేళ్ళు తెలీదు. ఒక రోజు కట్ట మీద నేను తప్పుల కన్నడలో ఎవరితోనో వాదిస్తుంటే ఒక పెద్దాయన ఆగి, తెలుగులో, ‘యా ఊరమ్మా మీది?’ అన్నాడు. వాళ్ళ నాన్న ఆ చెరువుకి నీరుగంటి. తూము గురించి అడిగితే ఏం మాట్లాడకుండా మా వాకింగ్ ట్రాక్ దిగి, లాంటానా పొదలోకి కర్రతో దారి చేసుకుంటూ వెళ్ళి, ఒంటి మీద పాకుడు పట్టిన రెండు రాతి స్తంభాల్ని చూపించాడు. మేం రోజూ అక్కడే చెప్పుల్లో ఇసక దులుపుకునేవాళ్ళం. నోట్‌బుక్కులో ఆ రోజు పేజీ కన్నడలో ఉంది, నా చేతిరాతే, రెండు ఒత్తులు తప్పు.